ఎక్స్-మెన్ కామిక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి, ఎక్కడ ఆగాలి

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టలో నాకు మొట్టమొదట దొరికిన ఎక్స్-మెన్ కామిక్ 1993 జనవరి నాటిది. అట్ట మీద బోలెడుమంది పళ్ళు కొరుకుతూ ఎటో దూకుతున్నారు. బేరమాడి కొనుక్కుని ఇంటికొచ్చి చదివితే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ముక్కూమొహం తెలియని వాళ్ళ పెళ్ళికి అప్పగింతల వేళకు వెళ్ళినట్టయింది: అందరూ ఏడుస్తున్నారు, ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం తెలియదు. అది 12 భాగాల కథలో ఒక మధ్య భాగమనీ, ఆ కథ నాలుగు వేర్వేరు పత్రికల మధ్య గెంతుతూ నడిచిందనీ చాలా కాలానికి తెలిసింది.

సినిమాలు చూసి, కామిక్స్ కూడా చదువుదామని సరదాపడేవాళ్ళలో చాలామంది ఇక్కడే జారిపడతారు. అరవై ఏళ్ళకు పైగా సాగుతున్న కథ, వందల సంచికలు, "ఒకటో నంబరు" అని ఉన్న పుస్తకాలే అరడజనుకు పైన. అందుకే ఈ మార్గదర్శి. ఇదంతా ఒక మనిషి అనుభవంలోంచి వచ్చిన దారి, శాసనం కాదు. కానీ ఈ దారిన నడిపించిన స్నేహితులెవరూ మధ్యలో పుస్తకం విసిరికొట్టలేదు.

ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే

1963లో స్టాన్ లీ రాసి, జాక్ కిర్బీ బొమ్మలు వేసి ఈ బృందాన్ని పుట్టించారు. అప్పటిదాకా ఈ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీ హీరోలకు శక్తులు ప్రమాదవశాత్తూ వచ్చేవి: సాలీడు కుట్టడం, బాంబు పేలడం, అంతరిక్షంలో కిరణాలు తగలడం. ప్రతి హీరోకీ ఒక కొత్త ప్రమాదం కనిపెట్టడం విసుగనిపించి, "వీళ్ళు పుట్టుకతోనే అలా ఉన్నారు" అనేస్తే సరిపోతుందనుకున్నానని లీ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. పని తగ్గించుకోవడానికి వేసిన ఆ ఎత్తే ఈ కథకు ప్రాణమైంది. వీళ్ళు మ్యూటెంట్లు. యుక్తవయసులో శక్తి బయటపడుతుంది, అప్పటిదాకా పక్కింటి పిల్లాడిగా చూసినవాళ్ళే రాళ్ళు పట్టుకుంటారు. చేసిన పనిని బట్టి కాకుండా పుట్టుకను బట్టి మనిషిని వెలివేయడమంటే ఏమిటో మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ ప్రాంతంలో ప్రొఫెసర్ చార్లెస్ గ్జేవియర్ నడిపే బడి వీళ్ళకు ఇల్లు. బయటికి అది మామూలు ప్రైవేటు స్కూలు, లోపల శక్తులను అదుపు చేసుకునే శిక్షణ. ఇంతే. మిగతాది కథే చెబుతుంది.

మొదటి మెట్టు: ఒకటో నంబరు వదిలేయండి

వినడానికి వింతగా ఉన్నా, 1963 నాటి మొదటి సంచికతో మొదలుపెట్టకండి. అందులో ఐదుగురు విద్యార్థులు: కళ్ళలోంచి ఎర్రటి కిరణాలు దూసుకొచ్చే సైక్లాప్స్ అనే స్కాట్ సమ్మర్స్, ముట్టుకోకుండానే వస్తువులను కదిలించే జీన్ గ్రే, పెద్ద చేతులూ పాదాలూ ఉన్న బీస్ట్ అనే హ్యాంక్ మెకాయ్, రెక్కలున్న ధనవంతుల బిడ్డ ఏంజెల్ అనే వారెన్, అందరికంటే చిన్నవాడు ఐస్‌మ్యాన్ అనే బాబీ డ్రేక్. తొలి సంచికల్లో ఈ బాబీ అచ్చం మంచుతో చేసిన బొమ్మలా ఉంటాడు, చూస్తే నవ్వొస్తుంది.

ఆ కాలపు కథల్లో మంచి ఆలోచనలు లేకపోలేదు. వీళ్ళ ప్రధాన శత్రువు మాగ్నెటో మొదటి సంచికలోనే వస్తాడు, మ్యూటెంట్లను వేటాడే సెంటినెల్ యంత్రాలు 1965లో వస్తాయి. కానీ నెలకో విలన్, ఒక కొట్లాట, చివర్లో ప్రొఫెసర్ హితబోధ అనే వరస ఐదారు సంచికలకే ముఖం మొత్తుతుంది. అప్పటి పాఠకులకూ మొత్తినట్టే ఉంది. చివర్లో నీల్ ఆడమ్స్ అద్భుతంగా బొమ్మలు వేసినా 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆగిపోయాయి. 67 నుంచి 93 దాకా పాత కథలనే తిరిగి అచ్చువేసి నడిపారు. మార్వెల్ పత్రికల్లో ఎక్స్-మెన్ అప్పుడు ఎవరూ పట్టించుకోని పిల్ల.

ఆ ఐదుగురి పేర్లు గుర్తుపెట్టుకుని ముందుకు పదండి. వాళ్ళ గతం ఎలా తెలుస్తుందన్న టెన్షన్ వద్దు, దానికో చిట్కా ఉంది, వచ్చినప్పుడు చెబుతాను.

రెండో మెట్టు: 1975లో అడుగుపెట్టండి

మీ మొదటి పుస్తకం "జెయింట్ సైజ్ ఎక్స్-మెన్" ఒకటో సంచిక. రాసింది లెన్ వీన్, బొమ్మలు డేవ్ కాక్రమ్. పాత బృందం క్రకోవా అనే ద్వీపంలో చిక్కుకుపోతుంది. వాళ్ళను విడిపించడానికి ప్రొఫెసర్ దేశదేశాలు తిరిగి కొత్తవాళ్ళను పోగుచేస్తాడు. కెన్యాలో వర్షాలు కురిపిస్తూ దేవతగా పూజలందుకుంటున్న స్టార్మ్. జర్మనీలో నీలి ఒళ్ళు, తోక చూసి దయ్యమంటూ ఊరంతా తరుముతున్న నైట్‌క్రాలర్. సైబీరియాలో సామూహిక వ్యవసాయ క్షేత్రంలో పనిచేసే, ఒళ్ళంతా ఉక్కుగా మారే కొలోసస్. కెనడా ప్రభుత్వ ఉద్యోగానికి నీళ్ళొదిలి వచ్చే వుల్వరిన్. ఐర్లండ్‌కు చెందిన నడివయసు బాన్షీ, జపాన్ నుంచి పొగరుబోతు సన్‌ఫైర్, అపాచీ తెగ యువకుడు థండర్‌బర్డ్. ఒక్క సంచికతో బృందం అంతర్జాతీయమైపోయింది.

ఆ వెంటనే "ఎక్స్-మెన్" 94వ సంచిక అందుకోండి. ఇక్కడి నుంచి మాటలు రాసింది క్రిస్ క్లేర్‌మాంట్, అప్పుడు పాతికేళ్ళ కుర్రాడు. 1991 దాకా, అంటే దాదాపు 16 ఏళ్ళు, ఈ పత్రికను అతనే రాశాడు. అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో రచయితలు రెండు మూడేళ్ళకు మారిపోతుంటారు, అందులో ఇది అరుదు. మీరు చదవబోయేది ఒకే రచయిత రాసిన పెద్ద ధారావాహిక. ఎక్కడో 97వ సంచికలో చల్లిన గింజ 137వ సంచికలో మొలుస్తుంది. ఈ సంగతి తెలిసి చదివితే నిదానం వస్తుంది.

సన్‌ఫైర్ వెంటనే వెళ్ళిపోతాడు, థండర్‌బర్డ్ 95లోనే చనిపోతాడు. మొహమాటం లేకుండా అప్పుడే చెప్పేశారన్నమాట, ఇక్కడ ఎవరికీ గ్యారంటీ లేదని.

పుస్తకం ఎలా దొరుకుతుంది

చౌకదారి మార్వెల్ అన్‌లిమిటెడ్ అనే యాప్. చందా కడితే పాత సంచికలన్నీ ఫోనులోనో ట్యాబ్‌లోనో చదువుకోవచ్చు. ట్యాబ్ అయితేనే సుఖం, ఫోనులో ఆ చిన్న అక్షరాలతో కళ్ళు లాగుతాయి. వెతికేటప్పుడు పేరు కంటే సంవత్సరం ముఖ్యం. 1963లో మొదలైన పత్రిక తర్వాత్తర్వాత "అన్‌క్యానీ ఎక్స్-మెన్" అయింది, కాబట్టి 94వ సంచిక ఆ పేరు కింద, 1963 అన్న చోట ఉంటుంది. ఉత్త "ఎక్స్-మెన్ 1" అని కొడితే 1963, 1991, 2010, 2013, 2019, 2021, 2024 నాటి ఒకటో నంబర్లు వరసగా వచ్చి నిలబడతాయి.

అచ్చు పుస్తకమే కావాలంటే "ఎపిక్ కలెక్షన్" సంపుటాలు అనువుగా ఉంటాయి, మామూలు అట్ట, చేతిలో పట్టుకునే బరువు. "సెకండ్ జెనెసిస్" పేరున్నది ఐదో సంపుటం, మీకు కావాల్సింది అదే. వీపు మీద 5 అంకె చూసి ముందరి నాలుగూ చదవాలేమోనని కంగారుపడకండి. ఓమ్నిబస్ అనే లావుపాటి గట్టి అట్టల సంపుటాలు చూడ్డానికి ముచ్చటే, కానీ పడుకుని చదువుతూ నిద్రపోతే ముక్కు పగులుతుంది. ఏ సంపుటం కొన్నా వెనక అట్ట మీద అందులో ఉన్న సంచికల నంబర్లు అచ్చువేస్తారు. ముందు ఆ వరస చూడండి, బొమ్మ చూసి కాదు.

అట్ట మీది తేదీని నమ్మకండి, మన వారపత్రికలు వారం ముందే వచ్చేసినట్టు అవి రెండు మూడు నెలలు ముందే కొట్లలోకి వచ్చేవి. నేనిక్కడ ఇస్తున్న సంవత్సరాలు అట్ట మీదివే.

మూడో మెట్టు: పేజీని చదవడం నేర్చుకోండి

నవ్వకండి, ఇది నిజంగా నేర్చుకోవాల్సిందే. క్లేర్‌మాంట్ మాటకారి. ఒక్క గడిలో ఇద్దరు కొట్టుకుంటూ మూడు మాటల బుడగలు, పైన రెండు పెట్టెల వ్యాఖ్యానం. గుద్దు తగిలేలోపు మనిషి తన బాల్యమంతా తలచుకుంటాడు. ఇవాళ్టి కామిక్స్‌కు అలవాటుపడ్డవాళ్ళకు ఊపిరాడదు.

ఇలా ఎందుకుందంటే, అప్పటి మార్వెల్ పద్ధతి అలాంటిది. రచయిత కథను టూకీగా చెబుతాడు, చిత్రకారుడు 17, 18 పేజీలుగా గీసుకొస్తాడు, ఆ గీసిన బొమ్మల మీద రచయిత మాటలు నింపుతాడు. అందుకే బొమ్మ చెప్పినదాన్నే వ్యాఖ్యానం మళ్ళీ చెప్పడం కనిపిస్తుంది. నేను చేసే పని: ముందు పేజీ మొత్తం బొమ్మలు మాత్రమే చూస్తాను. తర్వాత మొదటికొచ్చి మాటలు చదువుతాను. బొమ్మలోనే ఉన్నదాన్ని చెప్పే పెట్టెల మీద కళ్ళు ఆనించి వదిలేస్తాను, మనసులో మాట చెప్పే మబ్బు బుడగలను మాత్రం ఒక్కటీ వదలను. ఈ కథల్లో అసలు సంగతులన్నీ అక్కడే ఉంటాయి.

ఇంగ్లీషు గురించి ఒక మాట. పాత్రలు యాసలో మాట్లాడతాయి. తర్వాత వచ్చే రోగ్‌ది మిసిసిపీ యాస, "ఐ" అనాల్సిన చోటల్లా "ఆ" అంటుంది. బాన్షీ ఐరిష్, కొలోసస్ మధ్యమధ్య రష్యన్, నైట్‌క్రాలర్ జర్మన్. అర్థం కాకపోతే పైకి చదవండి. ఉత్తరాంధ్ర మాండలికంలోనో తెలంగాణ యాసలోనో రాసిన కథను కళ్ళతో తడుముకుని, పైకి చదివాక "ఓహో" అనుకున్న అనుభవం మనలో చాలామందికి ఉన్నదే. ఇదీ అంతే.

నాలుగో మెట్టు: నోటుబుక్ తెరవండి

ఒక్కొక్క సభ్యుడికి ఒక పేజీ. శక్తులు రాసుకోకండి, అవి బొమ్మల్లోనే కనబడతాయి. రాసుకోవాల్సినవి మూడు: ఈ మనిషికి దేనికి భయం, ఎవరికి బాకీ, ఎవరిని చూస్తే మనసు కరుగుతుంది. ఇరవై సంచికలయ్యేసరికి ఆ పేజీలు మీకే నవలలా అనిపిస్తాయి.

ఉదాహరణకు స్టార్మ్. పుట్టింది న్యూయార్క్‌లో, పెరిగింది కైరోలో. పసిపిల్లగా ఉన్నప్పుడు యుద్ధంలో ఇల్లు కూలి తల్లిదండ్రులు పోయారు, తను తల్లి శవం పక్కనే శిథిలాల కింద ఉండిపోయింది. అప్పటి నుంచి ఇరుకు గదులంటే ప్రాణభయం. ఆకాశాన్ని ఏలే మనిషికి గోడలంటే భయం: 102వ సంచికలో ఇది బయటపడే చోటు చదివాక ఆమెను సినిమాల్లో ఎంత వృథా చేశారో తెలుస్తుంది. నన్నడిగితే ఈ పదహారేళ్ళ కథకు నాయిక స్టార్మే. వుల్వరిన్ కేవలం బాగా అమ్ముడయ్యే బొమ్మ.

అలాగని వుల్వరిన్‌ను తీసిపారేయలేం. 1974లో హల్క్ పత్రికలో, హల్క్‌తో కొట్లాడటానికి వచ్చిన పరాయి మనిషి అతను. ఆ గోళ్ళు చేతి తొడుగుల్లో ఉన్నాయనే అందరూ అనుకున్నారు. 98వ సంచికలో అవి ఒంట్లోంచే వస్తాయని తెలిసినప్పుడు తోటివాళ్ళే ఖంగుతింటారు. లోగన్ అన్న పేరు కూడా 103 దాకా మనకు తెలియదు. ఇప్పుడు టీషర్టుల మీద కనిపించే మనిషిని, ఏమీ తెలియని కొత్తవాడిగా చూడటం ఒక తమాషా.

నైట్‌క్రాలర్ చూడ్డానికి దయ్యం, లోపల భక్తుడు, సర్కస్ కళాకారుడు, బృందంలో అందరికంటే సరదా మనిషి. కొలోసస్ ఇంటికి ఉత్తరాలు రాసే అమాయకుడు. స్కాట్ సమ్మర్స్ మీకు మొదట్లో నచ్చడు, పెద్దకొడుకులు తొందరగా ఎవరికీ నచ్చరు.

ఐదో మెట్టు: 94 నుంచి 143 దాకా ఏకబిగిన

ఇది ఈ ప్రయాణంలో గుండెకాయ. యాభై సంచికలు, రోజుకు రెండు చొప్పున నెల లోపు అయిపోతాయి. 108వ సంచిక నుంచి జాన్ బర్న్ బొమ్మలు అందుకుంటాడు, అక్కడి నుంచి కథకు వేగం వస్తుంది.

101లో జీన్ గ్రే చచ్చి బతికినట్టు నీళ్ళలోంచి ఫీనిక్స్‌గా పైకి లేస్తుంది. ఆ రోజు నుంచి ఆమె శక్తికి హద్దు లేదు. క్లేర్‌మాంట్ ఇక్కడ తొందరపడలేదు. 1976లో మొదలైన ఈ దారం 1980లో 129 నుంచి 137 వరకు వచ్చే డార్క్ ఫీనిక్స్ కథలో బిగుసుకుంటుంది. ఒక మనిషి మనసుతో ఆడుకున్న దుర్మార్గులు చివరికి ఒక నక్షత్రాన్నే మింగే ఆకలిని నిద్రలేపుతారు. ఆ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీది వందల కోట్ల ప్రాణాలు పోతాయి.

137 ముగింపు వెనక ఒక కథ ఉంది. రచయితలు మొదట అనుకున్నదాని ప్రకారం జీన్ శక్తులు మాత్రమే పోతాయి, మనిషి బతుకుతుంది. అన్ని ప్రాణాలు తీసినామె అంత తేలిగ్గా బయటపడకూడదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టాడు. చివరి పేజీలు మళ్ళీ గీశారు. మొదట గీసిన ముగింపును 1984లో విడిగా అచ్చువేశారు కూడా. రెండూ చదివాను, షూటర్ చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. రచయితలకు ఇష్టం లేకుండా వచ్చిన ముగింపే ఈ బృందానికి శాశ్వత కీర్తి తెచ్చింది.

2006లో ఒకసారి, 2019లో ఒకసారి సినిమావాళ్ళు ఈ కథను ఎత్తుకున్నారు, రెండుసార్లూ కుదరలేదు. నాలుగేళ్ళు ఇంట్లో మనిషిలా మెలిగిన జీన్ కాబట్టి మనకు కడుపులో దేవినట్టవుతుంది. రెండు గంటల క్రితం పరిచయమైన అమ్మాయికి ఆ బాధ ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు, మొదట్లో చెప్పిన చిట్కా. 138వ సంచికలో స్కాట్ జీన్ సమాధి దగ్గర నిలబడి మొదటి రోజు నుంచి జరిగిందంతా తలచుకుంటాడు. 1963 నుంచి 1980 దాకా ఎక్స్-మెన్ చరిత్ర మొత్తం ఆ ఒక్క సంచికలో ఉంది. అరవైల నాటి కథలు చదవలేదన్న లోటు అక్కడ తీరిపోతుంది. పేజీలు నెమ్మదిగా తిప్పండి.

స్కాట్ వెళ్ళిపోయాక స్టార్మ్ నాయకురాలవుతుంది. 129లో కనిపించిన పదమూడున్నరేళ్ళ కిట్టీ ప్రైడ్ బడిలో చేరుతుంది. గోడల్లోంచి దూరిపోగల పిల్ల, మన వయసుతో పని లేకుండా మన కళ్ళు అవుతుంది. 141, 142 రెండే రెండు సంచికల్లో "డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్" వస్తుంది: సెంటినెల్‌లు రాజ్యమేలుతున్న 2013 నుంచి ఒకరి మనసు గతంలోకి తిరిగొస్తుంది. 2014 సినిమాలో ఆ ప్రయాణం వుల్వరిన్ చేశాడు. కామిక్‌లో చేసింది కిట్టీ. నటుడి మార్కెట్‌ను బట్టి పాత్ర మారడం మనకు కొత్త కాదు కదా. 143లో పండగపూట ఇంట్లో ఒంటరిగా ఉన్న కిట్టీ వెంట రాక్షసి పడుతుంది, దాంతో బర్న్ సెలవు తీసుకుంటాడు.

ఇక్కడ ఆగిపోయినా మీకు ఎక్స్-మెన్ తెలిసినట్టే. ఆగలేరనుకోండి.

ఆరో మెట్టు: రెండు విడి పుస్తకాలు

1982లో వచ్చిన "గాడ్ లవ్స్, మ్యాన్ కిల్స్" ఒక్క కూర్చోడంలో అయ్యే పుస్తకం. బొమ్మలు బ్రెంట్ ఆండర్సన్. మొదటి పేజీల్లోనే ఇద్దరు చిన్నపిల్లలను రాత్రిపూట వెంటాడి చంపి, బడి ఆవరణలో ఉయ్యాలకు వేలాడదీస్తారు. ఇందులో విలన్ టీవీలో ప్రసంగాలు చేసే మతబోధకుడు, విలియం స్ట్రైకర్. గ్రహాంతరవాసులు లేరు, పాతాళ రాక్షసులు లేరు, వేదిక మీద మైకు పట్టుకున్న ఒక మామూలు మనిషి, చప్పట్లు కొట్టే జనం. నాకు తెలిసి ఈ బృందం గురించి వచ్చిన పుస్తకాల్లో భయపెట్టేది ఇదొక్కటే. ఎవరికైనా ఒక్క పుస్తకమే ఇవ్వాల్సి వస్తే ఇదే ఇస్తాను.

రెండోది, అదే ఏడాది క్లేర్‌మాంట్ రాసి ఫ్రాంక్ మిల్లర్ బొమ్మలు వేసిన నాలుగు సంచికల "వుల్వరిన్", జపాన్‌లో జరిగే కథ. దీన్ని అన్‌క్యానీ 172వ సంచికకు ముందు చదవాలి, ఎందుకంటే కథ అక్కడ కొనసాగుతుంది.

ఏడో మెట్టు: 144 నుంచి 201

వేగం తగ్గించండి. నెలకు పది చాలు. ఇందులో నేను నిలిచిపోయే చోట్లు మూడు.

150లో మాగ్నెటో మారతాడు. అప్పటిదాకా అతను శిరస్త్రాణం పెట్టుకుని కేకలు వేసే విలన్. కోపంలో కిట్టీని కొట్టి, పిల్ల చచ్చిపోయిందనుకుని కుప్పకూలతాడు. నాజీల ఆష్‌విట్జ్ శిబిరం నుంచి బయటపడ్డ మనిషి, తనవాళ్ళను చంపినవాళ్ళలా తానే మారానని అప్పుడు గ్రహిస్తాడు. గ్జేవియర్‌ను మార్టిన్ లూథర్ కింగ్‌తో, మాగ్నెటోను మాల్కమ్ ఎక్స్‌తో పోల్చడం ఇప్పుడు ఫ్యాషన్. 1963 నాటి సంచికల్లో ఆ లోతు ఎక్కడా కనిపించదు. అది 1981లో, ఇక్కడ, క్లేర్‌మాంట్ తవ్విందే. ఆ దారి పట్టుకుని 200వ సంచికలో అతను న్యాయస్థానం ముందు నిలబడేదాకా వెళ్ళండి.

171లో రోగ్ బడి తలుపు తడుతుంది. ఎవరినైనా తాకితే వాళ్ళ శక్తి, జ్ఞాపకాలు తనలోకి వచ్చేస్తాయి. శత్రువుల పక్షాన ఉండి, వీళ్ళ స్నేహితురాలు కేరల్ డాన్వర్స్ జీవితాన్నే పీల్చేసిన పిల్ల. ఇప్పుడు తలలో రెండు మనసులు పోట్లాడుకుంటుంటే సాయం చెయ్యమని వచ్చింది. ఇంట్లో అందరూ వద్దంటారు. ప్రొఫెసర్ చేర్చుకుంటాడు. ఎవరు ఎప్పుడు ఆమెను క్షమించారో నోటుబుక్‌లో రాసుకుంటూ పొండి, ఒక్కొక్కరిది ఒక్కో సంచికలో ఉంటుంది.

186, "లైఫ్‌డెత్". శక్తులు పోగొట్టుకున్న స్టార్మ్, ఆ శక్తులు పోగొట్టే ఆయుధాన్ని తయారుచేసిన మనిషి ఇంట్లోనే, ఆ సంగతి తెలియక, అతన్ని ఇష్టపడుతుంది. బ్యారీ విండ్సర్-స్మిత్ బొమ్మలు. సంచికలో ఎక్కువ భాగం ఇద్దరు మాట్లాడుకోవడమే. 201లో అదే స్టార్మ్ ఏ శక్తీ లేకుండానే, శిక్షణ గదిలో జరిగిన పోటీలో స్కాట్‌ను ఓడించి నాయకత్వం నిలబెట్టుకుంటుంది.

ఎనిమిదో మెట్టు: ఇక్కడ బ్రేకు వేయండి

1986 నుంచి చిక్కు మొదలవుతుంది. ఎక్స్-మెన్ పేరు బాగా అమ్ముడవుతోందని పత్రికలు పెంచారు, "ఎక్స్-ఫ్యాక్టర్" అనే కొత్త పత్రిక కోసం జీన్‌ను బతికించి తెచ్చారు, ఒక కథ నాలుగైదు పత్రికల్లో పాకే "క్రాసోవర్" పద్ధతి ఏటేటా ఆనవాయితీ అయింది. 1991లో జిమ్ లీ బొమ్మలతో వచ్చిన కొత్త "ఎక్స్-మెన్" ఒకటో సంచిక ఐదు రకాల అట్టలతో 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. మూడు సంచికలయ్యాక క్లేర్‌మాంట్ వెళ్ళిపోయాడు. నా ఆబిడ్స్ పుస్తకం ఆ తర్వాతి తిరునాళ్ళలోది.

నియమం సింపుల్: క్రాసోవర్ మొత్తం ఒకే సంపుటంగా దొరికితేనే చదవండి, విడివిడిగా వేటాడకండి. 1992లో మొదలైన కార్టూన్ చూసి పెరిగినవాళ్ళయితే 1991 నాటి ఆ మూడు సంచికలు చదవండి, ఆ వేషాలన్నీ అక్కడివే. మిగతావాళ్ళు నేరుగా గెంతేయొచ్చు.

తొమ్మిదో మెట్టు: మూడు గెంతులు

2001, "న్యూ ఎక్స్-మెన్" 114 నుంచి 154. గ్రాంట్ మారిసన్ రచన. రంగురంగుల వేషాలు తీసేసి తోలు జాకెట్లు తొడిగాడు. మూడో సంచిక తిరిగేలోపే కోటీ అరవై లక్షల మంది మ్యూటెంట్లున్న జెనోషా ద్వీపం తుడిచిపెట్టుకుపోతుంది. అందరికీ రుచించదు. మొదటి మూడు చదివి తేల్చుకోండి.

2004, "అస్టానిషింగ్ ఎక్స్-మెన్". జాస్ వీడన్ రచన, జాన్ కాసడే బొమ్మలు. 24 సంచికలు, చివర ఒక జెయింట్ సైజ్ సంచిక. మారిసన్ చదివాక ఇది చల్లటి మజ్జిగలా ఉంటుంది. మ్యూటెంట్లు కాకుండా చేసే మందు కనిపెట్టానని ప్రకటించే డాక్టర్ కవితా రావు భారతీయ శాస్త్రవేత్త. బీస్ట్ ఆ మందు చేతిలో పట్టుకుని ఆలోచనలో పడే చోటు గట్టిది. మనవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి, బృందంలో చేరిన భారతీయుడు కావాలంటే 2000లో వచ్చిన నీల్ షారా ఉన్నాడు, కలకత్తా కుర్రాడు, థండర్‌బర్డ్ పేరుతో మూడోవాడు. తెలుగు మ్యూటెంట్ మాత్రం నాకింకా తారసపడలేదు.

2019, "హౌస్ ఆఫ్ ఎక్స్", "పవర్స్ ఆఫ్ ఎక్స్". జొనాథన్ హిక్‌మన్ రచన. చెరో ఆరు సంచికలు, కానీ రెండూ ఒకే కథ. రెండో పేరులో ఎక్స్‌ను పది అని పలకాలి, రోమన్ అంకె. ఒకటి పూర్తిచేసి రెండోది పట్టుకుంటే పాడైపోతుంది. సంపుటంగా కొంటే వచ్చిన వరసలోనే కలిపి ఉంటాయి, అలాగే చదవండి. మధ్యలో వచ్చే పటాలు, పట్టికలు వదిలేయకండి, కథ సగం వాటిలోనే ఉంది. 1975 జెయింట్ సైజ్ సంచికలో శత్రువుగా చూసిన క్రకోవా ద్వీపం ఇక్కడ మ్యూటెంట్ల దేశమవుతుంది. 96వ సంచికలో ఇంటి పనిమనిషిగా వచ్చిన మోయిరా మక్‌టాగర్ట్ గురించి "హౌస్ ఆఫ్ ఎక్స్" రెండో సంచికలో తెలిసేది నేను చెప్పను. ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకోండి.

ఆ తర్వాత వచ్చిన క్రకోవా పత్రికలు డజన్లకొద్దీ, 2024 దాకా నడిచాయి. ఇష్టమైన సభ్యుడిని పట్టుకుని వెళ్ళండి, అన్నీ చదవాలన్న పంతం వద్దు.

చివరగా, ఒకటో నంబరు

ఇప్పుడు 1963 నాటి మొదటి సంచిక తెరవండి. కొత్త విద్యార్థిని జీన్ గ్రే కారు దిగుతుంటే కుర్రాళ్ళంతా కిటికీ దగ్గర గుమిగూడతారు. బాబీ డ్రేక్ ఒక్కడే, అమ్మాయిలంటే మీలా ఎగబడేవాణ్ణి కాదన్నట్టు మాట్లాడతాడు. చిన్నపిల్లాడి బడాయి అనుకుని అప్పటి పాఠకులు నవ్వుకుని ఉంటారు. స్టాన్ లీ కూడా అంతకుమించి ఏమీ అనుకుని ఉండడు. 2015లో వేరే రచయిత చేతిలో, అదే బాబీ తాను గే అని ఒప్పుకున్నాడు. యాభై రెండేళ్ళు ఆ గడి అలాగే కూర్చుని ఉంది.